జనాభా లెక్కలలో స్త్రీపురుషుల పనిపాటలు

రాజ్యమేలువాడు తన ప్రజలను లెక్కించుకొనుట ప్రాచీనాచారము. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోపుడను అధికారి యొకడు కలడు. అయిదు గ్రామములకో పది గ్రామములకో ఒక గోపుడు. అతడు ఇండ్లను, ఇండ్లలోని స్త్రీపురుషులను, బాలవృద్ధులను, వారు చేయు పనిని, వారికి వచ్చు రాబడిని, అగు వ్యయమును వ్రాసి యుంచవలెను. ఆ గ్రంథముననే సూత్రాధ్యక్షుడను మరియొకడు కనబడును. నూలు వడికించుట అతని యధికారము. వితంతువులచేత, అంగవైకల్యము గల స్త్రీలచేత, కన్యలచేత నూలు వడికించి, నూలు సన్నదనమును బట్టి కూలి నిర్ణయింపవలెనని విధించిరి. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీల ద్వారా పని పంపి గౌరవముగా చేయించుకొనవలెనట. ఇంటిలో జరిగినంత మాత్రమున పని పని కాకపోదని ఆ శాస్త్రకారుని మతము. ఈ గ్రంథమును మైసూరున శామశాస్త్రిగారు 1909లో అచ్చు వేయించిరి. అప్పటికి మన దేశమున క్రొత్త తరహా జనగణన జరుగనారంభించి నలుబది యేండ్లకు దగ్గరగుచుండెను.

ఆ క్రొత్త గణనకు 1872లో ఉపక్రమించిరి గాని, దేశమంతట ఒకే తిథిని బట్టి లెక్క తీసినది 1881 ఫిబ్రవరి 17వ తేదీన. నైజాం రాజ్యమునకు గూడ అదియే మొదటి గణన. నాటినుండి పదేండ్లకొకసారి గణకుడు ప్రతి గడప ఎక్కుచు, ఇతర ప్రశ్నలతోపాటు 'ఏమి పని చేయుదురు?' అని అడుగుచు వచ్చెను. ప్రశ్న చూచుటకు చిన్నది. కాని దీనిని ఏ మాటలతో అడుగవలెనో, ఏ సమాధానమును ఏ గడిలో వేయవలెనో దొరలకును తేలలేదు, తరువాత మనవారికిని తేలలేదు. 1901 మొదలు రెండు మూడు గణనలలో 'పనివారు', 'ఆధారపడినవారు' అని రెండే తెగలు. 1931లో 'ఆర్జించువారు', 'పనిచేయు ఆశ్రితులు', 'పనిచేయని ఆశ్రితులు' అని మూడు చేసిరి. పని చేయుచు కూడ ఆశ్రితురాలగుట యెట్లో నాకు నేటికిని బోధపడలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1951లో పేర్లు మార్చిరి, తెగలు మాత్రము మూడే.

ఈ లెక్కలను వరుసగా పేర్చి చూచినవారికి ఒక సంగతి స్పష్టమగును. 1911లో దేశమునందలి స్త్రీలలో నూటికి సుమారు 34 మంది పనివారని వ్రాయబడిరి. 1951 నాటికి ఆ సంఖ్య సుమారు 23కు దిగినది. నలుబది యేండ్లలో ఇంత తగ్గుదల గడుల మార్పు వలననే కలిగినదని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. పని నిజముగనే పోయినది.

మొదట పోయినది రాట్నము. దేశమున ఏ మూల చూచినను నూలు వడకుట స్త్రీల వృత్తి. మగ్గము మగవానిదైనను, మగ్గమునకు కావలసిన నూలంతయు ఆడుదాని చేతినుండియే వచ్చెడిది. సీమనుండి మరనూలు దిగుమతియై, తరువాత బొంబాయి మొదలగు పట్టణములలో మిల్లులు లేచి, ఈ వృత్తిని తుడిచిపెట్టినవి. నేతగాడు మరనూలుతోనైనను కొన్నాళ్లు నిలిచెను. వడికెడి స్త్రీకి అట్టి ప్రత్యామ్నాయము లేకపోయెను. నేతవారి యిండ్లలో కండెలు చుట్టుట, ఆసు పోయుట ఆమెకు మిగిలినవి గాని, వానికి వేరుగా కూలి లేదు. మగ్గము కూలిలోనే కలిసిపోయెను. శ్రీకాకుళము జిల్లా పొందూరులో మాత్రము వాలుగ చేప దవడ ఎముకతో దూది ఏకి సన్ననూలు వడకెడి విద్య నిలిచినది. దానిని నిలిపినవారు స్త్రీలే.

రెండవది రోకలి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట గోదావరి డెల్టాలో వరి విస్తరించినది. ఇరువదవ శతాబ్ది మొదటి దశాబ్దులలో బియ్యపు మిల్లులు వచ్చినవి. ఇరుగుపొరుగు ఇండ్ల వడ్లు దంచి కూలిగింజలతో కుటుంబము గడుపుకొనెడి స్త్రీలకు మిల్లు కళ్లములో వడ్లు ఎండబోయు పని కొందరికి దొరకినది, తక్కినవారికి అదియు లేదు. మిల్లులో యంత్రము నడపువాడు మగవాడు. దంపుడు పరిశ్రమను కాపాడు నుద్దేశముతో కేంద్రప్రభుత్వము 1958లో బియ్యపు మిల్లులను నియంత్రించు శాసనము చేసినది. అప్పటికే రోకళ్లు చాలవరకు అటకలెక్కినవి.

గనుల కథ వేరు. అచ్చట తీసివేసినది యంత్రము కాదు, శాసనము. బీహారు, బెంగాలు బొగ్గుగనులలో భర్త బొగ్గు త్రవ్వగా భార్య తట్టలకెత్తి మోసెడిది. భూగర్భమున ఆడువారు పనిచేయుట అమానుషమని 1929లో నిబంధనలు చేసి, క్రమముగా వారిని పైకి రప్పించిరి. ఉద్దేశము మంచిదే. కాని వారికి మారుపని చూపలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున బొగ్గు చాలకపోగా 1943లో ఆ నిషేధమునే సడలించి మరల లోనికి దింపిరి. యుద్ధము ముగియగానే 1946లో మరల పైకి పంపిరి. అమానుషత్వము మూడేండ్లపాటు సెలవు పుచ్చుకొనెనని అనుకొనవలెను.

ఇంతవరకు నిజముగా పోయిన పని. ఇక లెక్కలో మాత్రమే పోయిన పనిని చూడుడు. 1961 గణనలో, వ్యవసాయము వంటి ఋతువును బట్టి సాగు పనులలో, పని దినములలో ఎక్కువ కాలము రోజునకు ఒక గంటకు మించి క్రమముగా పనిచేసినవారినెల్ల పనివారుగా వ్రాయుడనిరి. స్త్రీలలో నూటికి సుమారు 28 మంది తేలిరి. 1971లో ప్రశ్న మార్చి, 'మీ ముఖ్యమైన పని యేది?' అని యడిగిరి. స్త్రీల సంఖ్య నూటికి 14కు పడిపోయినది. దేశము మొత్తము మీద సుమారు ఆరు కోట్ల మంది స్త్రీ శ్రామికులు మూడు కోట్ల చిల్లరయైరి. జనాభా పదేండ్లలో పెరిగియుండగా పనివారు సగమైరన్నమాట. పురుషుల సంఖ్య మాత్రము నూటికి 57 నుండి 53కు వచ్చి నిలిచినది.

కారణము ఊహించుట కష్టము కాదు. రైతును ముఖ్యమైన పని యేదని అడిగినచో వ్యవసాయమనును. అతని భార్య తెల్లవారకముందే పేడ తీసి, పాలు పిదికి, వంట చేసి, పొలమునకు అన్నము పట్టుకొనిపోయి, అచ్చట సాయంకాలమువరకు కలుపు తీసి, తిరిగి వచ్చునపుడు నెత్తిన గడ్డిమోపు తెచ్చును. ఆమె ముఖ్యమైన పని యేదని యడిగినచో 'ఇంటిపని' యని సమాధానము. ఆ యొక్క మాటతో ఆమె పనిలేనివారి గడిలో పడును. పురుషునకు ఇంటిపని లేదు గనుక ప్రశ్న యెట్లు మారినను అతని గడి మారదు.

ఈ సంగతిని కనిపెట్టి 1981లో 'గడచిన సంవత్సరమున ఎప్పుడైనను పని చేసితిరా?' అను ప్రశ్నను మరల చేర్చి, 183 దినములు చేసినవారిని ముఖ్య శ్రామికులనియు, అంతకు తక్కువైనవారిని ఉపాంత శ్రామికులనియు వేరుపరచిరి. స్త్రీల సంఖ్య నూటికి సుమారు 20కి లేచినది. 1991లో, సొంత పొలమునగాని కుటుంబ వ్యాపారమునగాని జీతము లేక చేయు పనికూడ పనియేయని ప్రశ్నలోనే చేర్చిరి, 22కు చేరినది. 2001లో ఇంటి వాడుకకే యైనను పాడి చేయువారిని పనివారుగా గ్రహించిరి. సంఖ్య సుమారు 26.

ఆ మూడు గణనలు, 1991 మొదలు 2011 వరకు, నేను బడిపంతులునగుటచేత గణకుడనై తిరిగినవి. ఒక యింట యజమాని అరుగుమీద కూర్చుండి, 'మా యింటి ఆడవాండ్రు పనికి పోరండీ' అని కొంత గర్వముగనే చెప్పెను. పాలకేంద్రమువారి పుస్తకము వసారా స్తంభమునకు వ్రేలాడుచుండెను. అందలి పేరు ఆయనది. గేదెలెన్నియని యడిగితిని, మూడనెను. ఎవరు పిదుకుదురంటిని, కోడలనెను. కేంద్రమునకు పోసివచ్చునది ఎవరంటిని, అదియు కోడలే. ఆమె పేరునకెదురుగ పని వ్రాయుచుండగా ఆయన నా చేయి పట్టుకొని, 'ఆ మాట వ్రాయకుడు, నలుగురు వినిన బాగుండదు' అనెను. ఆయనకు అబద్ధమాడు తలంపు లేదు. పని యనగా కూలి. కూలికి పోవుట యనగా మర్యాదకు లోటు. నాలుగు డబ్బులు చేరగానే ముందుగా ఇంటి స్త్రీలను పొలము మాన్పించుట మన పల్లెలలో ఎరుగని సంగతి కాదు.

స్త్రీలకు పనియందు ఇచ్ఛ లేక తగ్గిరనువారు కలరు. ఆ మాట నేనంగీకరింపను. గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2005లో చేసి, 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లెలో పథకమును ప్రారంభించిరి. ఊరికి దగ్గర పని, స్త్రీపురుషులకు ఒకే కూలి. మూడవవంతు స్త్రీలుండవలెనని చట్టము కోరగా, మన రాష్ట్రమున సగముకంటె హెచ్చుమంది స్త్రీలే వచ్చిరి. పిలిచినవాడు లేక నిలిచిరి గాని పని రుచింపక కాదు.

ఇక యువజనుల మాట. పదునైదేండ్లు మొదలు ఇరువదితొమ్మిదేండ్ల వరకు గలవారిని యువజనులుగా ఎంచుచున్నారు. వారి విషయమున ఒక తగ్గుదల శుభమైనది. 1961లో పదునారేండ్ల బాలిక నాట్లలో నుండెను. నేడు కళాశాలలో నున్నది. ఆ సంఖ్య తగ్గినందుకు చింతిల్లనక్కరలేదు. చింత చదువు ముగిసిన పిదప మొదలగును.

విద్యావంతుల నిరుద్యోగము క్రొత్త రోగము కాదు. సంయుక్త రాష్ట్రములలో సర్ తేజ్ బహదూర్ సప్రూగారి అధ్యక్షతన ఒక సంఘము 1935లోనే దీనిపై పెద్ద నివేదిక నిచ్చెను. అంతర్జాతీయ శ్రామిక సంస్థ వారును ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థవారును కలిసి 2024లో వెలువరించిన గ్రంథమును బట్టి చూడగా, 2022లో పట్టభద్రులైన యువజనులలో నూటికి సుమారు 29 మంది నిరుద్యోగులు. చదువురాని యువజనులలో ముగ్గురు నలుగురే. చదువురానివానికి ఖాళీగా కూర్చుండు స్తోమత లేదు గదా!

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. ప్రభుత్వ పరిభాషలో నిరుద్యోగి యనగా పనిలేనివాడు కాడు; పని లేక, పనిని వెదకుచు, లేదా పనికి సిద్ధముగ నున్నవాడు. వెదకనివారు శ్రామికులలోను చేరరు, నిరుద్యోగులలోను చేరరు. ఒక యింట అన్నయు చెల్లెలును పట్టభద్రులనుకొనుడు. అన్న హైదరాబాదులో గది తీసుకొని పరీక్షలకు చదువుచు ఉద్యోగములకు దరఖాస్తులు పెట్టుచున్నాడు. అతడు నిరుద్యోగి. చెల్లెలు ఇంటనున్నది, సంబంధములు చూచుచున్నారు. ఆమె 'గృహకృత్యములు'. చదువొకటే, ఖాళీ యొకటే, గడులు మాత్రము రెండు. జాతీయ నమూనా సర్వేలో ఈ గృహకృత్యములకు 92వ సంఖ్య. ఇంటిపనితోపాటు కట్టెలు, కూరాకు, పశుగ్రాసము ఏరి తెచ్చుట, ఇంటివారికి బట్టలు కుట్టుట కూడ చేసినచో 93వ సంఖ్య. రెండును శ్రామికులకు వెలుపలివే.

2023-24 సంవత్సరపు శ్రామిక సర్వేలో యువకులలో నిరుద్యోగము నూటికి ఇంచుమించు 10, యువతులలో 11. ఇది చూచి ఇద్దరి దశ సమానమనుకొందురేమో. అదే సర్వేలో, పని చేయుచున్నవారును వెదకుచున్నవారును కలిసి యువకులలో నూటికి 60కి పైబడిరి. యువతులలో 30కి లోపే. తక్కిన యువతులలో చదువుకొనువారు పోగా మిగిలినవారు ఆ 92, 93 సంఖ్యలలో నున్నారు. వారేమి చేయుచున్నారో 2019లో దేశమంతట తొలిసారి జరిపిన కాలవినియోగ సర్వే కొంత తెలుపును: ఇంటిపని చేయు స్త్రీ దినమునకు 299 నిమిషములు దానికి వెచ్చించును; చేయు పురుషుడు 97.

పదునైదేండ్లు దాటిన స్త్రీలందరిని కలిపి చూచినచో 2017-18లో శ్రామిక వర్గమున నూటికి 23గా ఉన్నవారు 2023-24లో సుమారు 42 అయినారు. గొప్ప పెరుగుదలయే. అందు పెక్కుమంది సొంత పొలములలోను కుటుంబ వ్యాపారములలోను జీతములేని సహాయకులు. పని పెరిగినదా, పూర్వమునుండి ఉన్న పని ఇప్పుడు గడిలోనికెక్కినదా యని పండితులు వాదించుకొనుచున్నారు. పై కథ వినినవారికి రెండును కొంత కొంత నిజమని తోచును.

2021లో జరుగవలసిన జనగణన కోవిడ్ మహమ్మారిచేత ఆగిపోయినది. దేశమున ఎక్కువ భాగమునకు 2027 మార్చి 1వ తేదీని గణన తిథిగా కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటించినది. గణకులుగా వచ్చువారు మన బడిపంతుళ్లే. వారడుగు ప్రశ్నకు సమాధానము చెప్పువాడు ప్రాయికముగ అరుగుమీద కూర్చున్న పెద్ద. గత గణనలలో స్త్రీని స్వయముగ పిలిచి యడిగిన యిండ్లలో నాకు వచ్చిన సమాధానము వేరు. గణకునికి తొందర యుండును, అతనిని కొంచెము కూర్చుండబెట్టి, కోడలిని కూతురిని వాకిటికి పిలువుడు. ఏటిలో ఎన్ని దినములు కలుపు తీసిరో, ఎన్ని వేల బీడీలు చుట్టిరో, పాలు ఎవరు పోసిరో వారినే చెప్పనిండు.