ఊపిరి ఓడించిన ఆటగాడు

వికారాబాద్ చుట్టుపక్కల పెద్దవాళ్లకు అనంతగిరి అనగానే రెండే గుర్తుకొస్తాయి: అనంత పద్మనాభస్వామి గుడి, టీబీ దవాఖాన. నిజాం కాలంలో క్షయ రోగుల కోసం ఈ కొండ మీద శానిటోరియం వెలిసింది. అడవి గాలి, ఎండ, కదలకుండా విశ్రాంతి, కడుపునిండా తిండి. ఆనాటి వైద్యంలో సగం ఇదే. సికింద్రాబాద్ కన్న ఫుట్‌బాల్ ఆటగాళ్లలో మేటి, తులసీదాస్ బలరాంను నడి వయసు కూడా రాకముందే పడగొట్టింది ఈ దవాఖాన పోరాడిన జబ్బే.

1936లో అమ్ముగూడలో, ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు బలరాం. కొడుకు చదువుకుని సర్కారు కొలువు చేయాలని తల్లి కోరిక. కొడుకు ధ్యాసంతా బంతి మీద. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఒక జత కుట్టించుకున్నాడు. దానికైన రెండు రూపాయల కోసం తల్లిని బతిమాలాడు. ఆ బూట్లతో ఆడుతున్న కుర్రాడిమీద సయ్యద్ అబ్దుల్ రహీమ్ కన్ను పడింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన రహీమ్ సాబ్! పిలుపు వచ్చినా, అమ్ముగూడ నుంచి రోజూ పట్నం రావడానికి తన దగ్గర డబ్బుల్లేవన్నాడు బలరాం. రహీమ్ సైకిలు ఏర్పాటు చేయించాడు.

అక్కడి నుంచి కథ పరుగులు తీసింది. 1956లో, ఇరవయ్యేళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మన జట్టు నాలుగో స్థానంలో నిలిచిన ఒలింపిక్స్ అది. హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచిన రోజులూ అవే. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్ పిలిచింది, వెళ్లాడు. ఎడమ అంచున ఆడమంటే అక్కడ, లోపలికి వచ్చి ఆడమంటే అక్కడ, ఎక్కడ నిలబెట్టినా ఆ చోటు తనదే అన్నట్టు ఆడేవాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. భారత ఫుట్‌బాల్‌లో త్రిమూర్తులంటే ఈ ముగ్గురే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మొదటి పోటీ హంగరీతో. అవతల ఫ్లోరియాన్ ఆల్బర్ట్, తరవాత 1967లో యూరప్‌లోకెల్లా ఉత్తమ ఆటగాడిగా ఎంపికైనవాడు. రెండు గోల్స్ వెనకబడి ఉన్న మన జట్టుకు 79వ నిమిషంలో గోల్ కొట్టాడు బలరాం. 2-1తో ఓడాం. పెరూతో 3-1తో ఓడినప్పుడూ మన ఒక్క గోల్ ఆయనదే. ఓడిపోతున్న ఆటలో ఆఖరి నిమిషాల దాకా పరుగెత్తగలిగేవాడి గుండెబలం, ఊపిరి బలం ఎంతో ఆలోచించండి. ఆ ఊపిరే తరవాత ఎదురుతిరిగింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్ మీద ఒక గోల్, జపాన్ మీద ఒక గోల్ బలరాంవి. సెప్టెంబర్ 4న ఫైనల్. రాజకీయ గొడవతో మండిపడుతున్న లక్షమంది ప్రేక్షకులు మనవాళ్లను అడుగడుగునా గేలిచేస్తుంటే, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. జట్టు కోచ్‌గా పక్కన నిలబడ్డ రహీమ్‌కు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. శిష్యుడికి అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది. రాబోయేదేమిటో ఎవరికి తెలుసు?

1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశాడు. అదే ఏడాది బలరాం ఛాతీకి క్షయ సోకిందని తేలింది. ఊపిరితిత్తి పైపొర వాచి, నీరు చేరే జబ్బు. మామూలు మనిషి దాన్నుంచి బయటపడగలడు. అప్పటికి స్ట్రెప్టోమైసిన్ సూదులున్నాయి, మాత్రలున్నాయి. ఇంట్లో ఉండి మందు వాడినా శానిటోరియంలో ఉన్నంత ఫలితం వస్తుందని మద్రాసు పరిశోధకులు 1959లోనే చూపించారు. ప్రాణం దక్కుతుంది. కానీ వాచిన పొర మానేటప్పుడు ఛాతీ గోడకు అతుక్కుపోవచ్చు. శ్వాస నిండుగా అందదు. నడవడానికి, ఉద్యోగానికి సరిపడే ఊపిరి మిగిలితే చాలనుకుంటాడు మామూలు రోగి. తొంభై నిమిషాలు పరుగెత్తేవాడికి అది చాలదు. బలరాం ఆట మానేశాడు. ఇరవై ఏడేళ్ల వయసు. గురువునూ శిష్యుణ్ణీ ఒకే ఏడాది ఊపిరితిత్తులే దెబ్బకొట్టాయి. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆ దెబ్బ నుంచి తేరుకోలేదని నా నమ్మకం. 1965లో ఆంధ్రప్రదేశ్ ఒకసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతే, తెలుగు నేలకు మళ్లీ ఆ కప్పు రాలేదు.

అమెరికా బేస్‌బాల్‌లో ఇలాంటి కథే ఉంది. క్రిస్టీ మాథ్యూసన్ 373 ఆటలు గెలిచిన పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. 1918లో సైన్యంలో చేరి విషవాయువు పీల్చాడు, తరవాత క్షయ పట్టింది. మన అనంతగిరిలాగే కొండగాలికి పేరుపడ్డ సారనాక్ లేక్ అనే ఊళ్లో 1925లో, 45 ఏళ్లకే పోయాడు. పోయిన పదకొండేళ్లకు వాళ్ల కీర్తిమందిరంలోకి ఎంపికైన మొదటి ఐదుగురిలో ఆయన పేరుంది. అది 1936, మన బలరాం పుట్టిన సంవత్సరం.

మన దగ్గర ఏం జరిగింది? చునీ గోస్వామికి 1983లో, పీకే బెనర్జీకి 1990లో పద్మశ్రీ ఇచ్చారు. ఇద్దరూ అర్హులే. మూడోవాడికి బతికుండగా ఇవ్వలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు. పెళ్లి చేసుకోలేదు. రైల్వే ఉద్యోగం చేసి, హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో స్థిరపడ్డాడు. 2020 మార్చిలో పీకే, ఏప్రిల్‌లో చునీ వెళ్లిపోయారు. మిగిలిన ఒక్కడూ 2023 ఫిబ్రవరి 16న కలకత్తా ఆస్పత్రిలో కన్నుమూశాడు. 86 ఏళ్లు. యౌవనంలో మొండికేసిన ఊపిరి ఆట వదిలాక అరవయ్యేళ్లు నడిచింది. ఆ అరవయ్యేళ్లూ ఆయనను మనం తలచుకున్నది ఎన్నిసార్లు?

బెంగాల్‌లో నేటికీ ఆయన పేరు చెబితే ముసలివాళ్ల కళ్లు మెరుస్తాయి. పుట్టిన సికింద్రాబాద్‌లో బడి పిల్లలను అడిగితే ఎవరో తెలియదంటారు. తప్పు పిల్లలది కాదు. తెలంగాణ క్రీడాశాఖకు, జంట నగరాల మైదానాలను చూసేవారికి ఒక విన్నపం. సికింద్రాబాద్‌లో ఒక ఫుట్‌బాల్ మైదానానికి తులసీదాస్ బలరాం పేరు పెట్టండి. పాత బూట్లతో వచ్చే పిల్లవాడిని అక్కడ ఫీజు అడగకండి.