మెట్లు లేని వీణ

పెద్దవూర మీదుగా సాగర్ వెళ్లేవాళ్లకు డ్యామ్ తెలుసు, లాంచీ తెలుసు, నడి నీళ్లలో నాగార్జునకొండ మీదున్న మ్యూజియం తెలుసు. మిర్యాలగూడ, కోదాడ రైతులకు ఎడమ కాలువ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఈ నీళ్లు నిండకముందు ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేదనీ బడి పుస్తకాల్లో చదువుకున్నాం. అయితే క్రీ.శ. 3వ శతాబ్దంలో ఆ ఊళ్లో మోగిన వీణ మనమెరిగిన వీణ కాదన్న సంగతి మాత్రం సంగీతం నేర్చుకున్నవాళ్లలో కూడా కొందరికే తెలుసు.

వీణ అనగానే మన కళ్లకు కట్టేది పనస కుండ, పొడవాటి దండి, రెండో కొసన సొరబుర్ర, మైనం మీద కూర్చోబెట్టిన 24 మెట్లు. నాగార్జునకొండ శిల్పాల్లోనూ, కృష్ణకు దిగువన అమరావతి శిల్పాల్లోనూ ఉన్న వీణకు దండి లేదు, మెట్లు అసలే లేవు. వాద్యకత్తె ఒడిలో చిన్న పడవ ఆకారపు తొట్టి ఉంటుంది. దానికి తోలు బిగించి ఉంటుంది. ఒక కొస నుంచి మెడ పైకి లేచి విల్లులా వంగుతుంది. ఆ వంపు నుంచి తోలు మీదికి తీగలు వరసగా దిగుతాయి. పొడుగు తీగ మంద్రం, పొట్టి తీగ తారం. ఒక్కో స్వరానికి ఒక్కో తీగ. ఎడమచేతితో తీగను నొక్కి స్వరం మార్చే పనే లేదు. ఇంగ్లీషులో హార్పు అంటున్న వాద్యజాతి ఇదే. కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి 1930 నుంచి అమెరికా ప్రాచ్య పరిశోధన పత్రికలో రాసిన వ్యాసాల్లో, పాత గ్రంథాల్లోని వీణ నిజానికి ఈ విల్లు హార్పేనని శిల్పాలను, పాళీ సంస్కృత వాక్యాలను పక్కపక్కన పెట్టి నిరూపించాడు.

మన పల్నాటి సున్నపురాయి మెత్తనిది, లేత పచ్చగా ఉంటుంది. ఉలికి బాగా లొంగుతుంది కాబట్టి శిల్పి తీగల్ని కూడా విడివిడిగా గీయగలిగాడు. అంతఃపుర ఘట్టాల్లో వేణువు, మద్దెల, పొట్టి మెడ తంబుర లాంటి వాద్యం, వాటి మధ్య ఈ వంపు వీణ కనిపిస్తాయి. సిద్ధార్థుడు ఇల్లు వదిలే రాత్రి ఘట్టమైతే వాద్యకత్తెలు వాద్యాల మీదే ఒరిగి నిద్రపోతుంటారు. అశ్వఘోషుడు బుద్ధచరితలో వర్ణించిన రాత్రి అది. కావ్యంలో మాటగా ఉన్నది ఇక్కడ రాయిలో చేతికి తగులుతుంది.

బౌద్ధులకు ఈ వాద్యం అంటే అంత మక్కువ ఎందుకో పాళీ గ్రంథం దీఘనికాయం చెబుతుంది. ఇంద్రుడు బుద్ధుడిని ప్రశ్నలు అడగాలని వచ్చి, నేరుగా పలకరించడానికి జంకి, పంచశిఖుడనే గంధర్వుణ్ణి ముందు పంపుతాడు. అతడు పండిన మారేడు రంగు వీణ మీటి, ఒక ప్రేమపాట పాడతాడు. బుద్ధుడు విసుక్కోడు, తీగల శబ్దమూ గొంతూ చక్కగా కలిశాయని మెచ్చుకుంటాడు. భార్హుత్, బోధ్‌గయ, గాంధార శిల్పులు ఈ ఘట్టాన్ని పదేపదే చెక్కారు. సోణుడనే భిక్షువుకు బుద్ధుడు చెప్పిన తీగ ఉపమానం, అంటే మరీ బిగించకు, మరీ వదలకు అన్నది, ఈ వీణను దృష్టిలో పెట్టుకుని చెప్పినదే. ఆ రోజుల్లో బిరడాలు లేవు. మెడకు చుట్టిన తోలు పట్టీలనో తాళ్లనో పైకీ కిందికీ జరిపి శ్రుతి చేసేవాళ్లు. వాన పడితే తోలు సడలేది, ఎండకు బిగిసేది. ఉపమానం అంత సులువుగా తట్టిందంటే వింతేముంది?

ఇక ఈ వీణ మీద జరిగిన పోటీ అంటారా, దానికి మన దగ్గర గుత్తిల జాతకాన్ని మించిన కథ లేదు. కాశీలో గుత్తిలుడనే ఆస్థాన వైణికుడు. గుడ్డివాళ్లైన తల్లిదండ్రుల్ని చూసుకుంటూ పెళ్లి కూడా మానుకున్నవాడు. కాశీ వర్తకులు ఉజ్జయినికి పోయి అక్కడ మూసిలుడి వాయిద్యం విని, చాప గీకినట్టుందని పెదవి విరుస్తారు. మూసిలుడు పట్టుదలగా కాశీ వచ్చి గుత్తిలుడి దగ్గరే చేరి, గురువు దాచుకోకుండా నేర్పిందంతా నేర్చుకుంటాడు. తర్వాత రాజు కొలువులో గురువుతో సమానంగా జీతం కావాలంటాడు. రాజు సగమే ఇస్తానంటే, నేనేం తక్కువ అని పోటీకి సవాలు విసురుతాడు. ఏడో రోజున పోటీ అని ఊరంతా దండోరా. గుత్తిలుడు ముసలివాడు. ఓడితే పరువు పోతుందని అడవిలోకి పోయి, చావు భయానికి తిరిగొచ్చి, మళ్లీ పోయి, అలా తిరుగుతుంటాడు. అక్కడ ఇంద్రుడు ఎదురై ఉపాయం చెబుతాడు: మొదట భ్రమర తంత్రి అనే తీగను తెంపు, తర్వాత ఒక్కొక్కటిగా ఏడింటినీ తెంపు, ఉట్టి కర్ర మోగుతుంది.

రాజద్వారం దగ్గర పందిరి, జనం కిక్కిరిసి ఉన్నారు. గురువు తీగ తెంపితే శిష్యుడూ తెంపాడు. గురువు వీణ ఏడు తీగలూ పోయినా కాశీ అంతా మోగింది. శిష్యుడి వీణ మూగబోయింది. ఆ తర్వాత జనం మూసిలుడికి చేసిన సన్మానం ఇక్కడ చెప్పడం బాగుండదు. మహిమల మాట పక్కనపెడితే, ఈ కథ నడవడానికి తీగలు విడివిడిగా, స్వరానికొకటిగా ఉండాలి. ఒక్కో తీగ తెగుతుంటే సభలో వాళ్లకు ఏ స్వరం పోయిందో తెలియాలి. మెట్ల వీణ మీద ఇంత ఉత్కంఠ పుట్టదు. అక్కడ ఒక్క తీగ మిగిలినా రాగం మొత్తం లాగేయొచ్చు.

భరతుడి నాట్యశాస్త్రంలో రెండు వీణలు చెప్పారు: ఏడు తీగల చిత్రవీణను వేళ్లతోనూ, తొమ్మిది తీగల విపంచిని కోణం అనే మీటుపుల్లతోనూ వాయించాలి. ఇరవై రెండు శ్రుతులు చూపించడానికి భరతుడు చెప్పిన ప్రయోగం ఉంది కదా: ఒకే శ్రుతిలో రెండు వీణలు కట్టి, ఒకదాన్ని కదల్చకుండా రెండోదాన్ని మెట్టుమెట్టుగా దించుతూ పోవడం. సంగీత విద్యార్థులు దీన్ని సరస్వతీ వీణతో ఊహించుకుని తికమకపడుతుంటారు. విల్లు హార్పుతో ఊహిస్తే ప్రయోగం నల్లేరు మీద బండి నడకే. మూర్ఛన కూడా అంతే. ఏ తీగ నుంచి మొదలుపెడితే ఆ మూర్ఛన. మన సంగీతశాస్త్రపు పునాది పడ్డది ఈ వాద్యం మీదే అని నా అభిప్రాయం. ఒప్పుకోని పండితులు ఉంటారు.

రాజులకు కూడా ఇది గర్వకారణమైన వాద్యం. సముద్రగుప్తుడు వేయించిన బంగారు నాణేల్లో ఒక రకం మీద ఆయన పీఠం మీద కూర్చుని వంపు వీణ వాయిస్తుంటాడు. కత్తీ విల్లూ పట్టుకున్న నాణేలు వేరే ఉన్నాయి. అయినా వీణతో కూడా కనబడాలని ఆయనకు అనిపించింది.

మరి ఇంత వైభవం చూసిన వాద్యం ఎటు పోయింది?

తమిళ దేశంలో దీని పేరు యాళ్. సంగం పాటల్లో పాణర్లనే గాయకులు దాన్ని భుజాన వేసుకుని దాతల ఊళ్లు తిరిగేవాళ్లు. 7వ శతాబ్దపు కథగా పెరియపురాణం ఒకటి చెబుతుంది. శైవ భక్తకవి తిరుజ్ఞానసంబంధర్ పాటలన్నిటికీ తిరునీలకంఠ యాళ్పాణర్ తోడు వాయించేవాడు. తన యాళ్ వల్లనే పాటకు పేరొస్తోందని చుట్టాలు అనుకోవడం విని నొచ్చుకున్నాడు. యాళ్ మీద పలకని పాట ఒకటి పాడమని సంబంధరునే వేడుకున్నాడు. ధర్మపురంలో సంబంధర్ పాడాడు. గొంతు వంపులు తీగలకు అందలేదు. యాళ్పాణర్ వాద్యాన్ని విరగ్గొట్టబోతే సంబంధరే ఆపాడు. భక్తులకది భక్తి కథ. నాకైతే అందులో ఒక వాద్యం ఓటమి కనిపిస్తుంది. గమకం మన సంగీతానికి ప్రాణమవుతున్న రోజులవి. ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం, ఊగడం, నొక్కి లాగడం హార్పుకు కష్టం. తీగ కింద దండి ఉంటే వేలు జారుతుంది, మెట్టు ఉంటే తీగను పక్కకు లాగొచ్చు.

అలా కర్ర వీణలు ముందుకొచ్చాయి. ఏకతంత్రి, ఆలాపిని, కిన్నరి. కిన్నరికి మెట్లు పెట్టిన ఘనత సంగీత శాస్త్రకారుడు మతంగుడిదని సంప్రదాయం. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడి సంగీతరత్నాకరం నాటికి మెట్ల కిన్నరి స్థిరపడిపోయింది. మన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వీణల పేర్లు ఏకబిగిన ఏకరువు పెడతాడు. పేరు పాతదే నిలిచింది, వస్తువు మారిపోయింది. 17వ శతాబ్దంలో తంజావూరులో తెలుగు కవిరాజు రఘునాథ నాయకుడి కాలంలో 24 మెట్లు స్థిరపడి ఇప్పటి వీణ వచ్చింది. తర్వాత బొబ్బిలి, నూజివీడు పనివాళ్ల చేతుల్లో అది మనదైపోయింది.

ఆ కిన్నరి చుట్టాన్ని చూడాలంటే మన పక్క నాగర్‌కర్నూల్ జిల్లా చాలు. దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వెదురు దండం, సొరబుర్రలు, మైనంతో అతికిన మెట్లు, ఆయన పాడే పండుగ సాయన్న వీరగాథ. హార్పును గద్దె దింపిన వంశానికి చెందిన వాద్యం ఇది.

హార్పు మాత్రం ఈ దేశంలో పూర్తిగా చావలేదు. మధ్యప్రదేశ్ మండ్లా వైపు గోండుల కథకులైన పర్ధానుల దగ్గర బిన్‌బాజా అనే ఐదు తీగల విల్లు హార్పు ఉందని రోడరిక్ నైట్ అనే అమెరికన్ సంగీత పరిశోధకుడు 1980లలో వివరంగా రాశాడు. మన ఆదిలాబాద్ పర్ధానులు కమానుతో వాయించే కిక్రీ పట్టుకున్నారు కానీ ఈ హార్పు పట్టుకోలేదు. అఫ్ఘనిస్తాన్ కొండల్లో నూరిస్తానీల దగ్గర వాజీ పేరుతో ఇంకో కొమ్మ మిగిలింది.

అన్నిటికన్నా బతికి బట్టకట్టింది బర్మాలో. బౌద్ధంతో పాటు సముద్రం దాటిన వాద్యమది. అక్కడి ప్యూ జాతివాళ్ల పాత పట్టణం బేక్తానోలో బయటపడ్డ కట్టడాలు నాగార్జునకొండ విహారాలకు దగ్గర పోలికతో ఉన్నాయని పురాతత్వవేత్తలు గుర్తించారు. మరో ప్యూ పట్టణం శ్రీక్షేత్రలోని 7వ శతాబ్దపు శిల్పంలో హార్పు ఉంది. 802లో ప్యూ రాజు చైనా తాంగ్ చక్రవర్తి కొలువుకు పంపిన వాద్యబృందం వెంట కూడా హార్పులు వెళ్లాయి. సౌంగ్ అనే ఇప్పటి బర్మా హార్పుకు 16 తీగలు, తొట్టికి జింక తోలు, తీగల కొసల్లో ఎర్ర కుచ్చులు. పూర్వం పట్టు తీగలు, ఇప్పుడు నైలాన్. కోరంగి రేవులో ఓడెక్కి రంగం (రంగూన్) పోయిన మన తెలుగు కూలీలు అక్కడి పండగల్లో ఈ వాద్యాన్ని వినే ఉంటారు. అది తమ పూర్వీకుల వీణేనని వాళ్లకు చెప్పినవాళ్లెవరు?

ఇక సభల సంగతికొస్తే, హార్పు వాద్యకారులను దేశం మొత్తం నుంచి ఒకచోటికి పిలవాలన్న ఆలోచన ఐర్లాండులో సంప్రదాయం కొన ఊపిరితో ఉన్నప్పుడు పుట్టింది. 1792 జూలైలో బెల్‌ఫాస్ట్‌లో పిలిస్తే పదిమంది ఐరిష్ వాళ్లు, ఒక వేల్స్ అతను వచ్చారు. చాలామంది గుడ్డివాళ్లు. తొంభై దాటిన డెనిస్ హెంప్సన్ ఒక్కడే పాత పద్ధతిలో గోళ్లతో ఇత్తడి తీగలు మీటాడు. 19 ఏళ్ల ఎడ్వర్డ్ బంటింగ్ వాళ్ల పాటలన్నీ రాసిపెట్టుకున్నాడు. వాళ్ల పాత హార్పు సంగీతంలో ఇవాళ మిగిలినదానికి చాలావరకు ఆ కాగితాలే ఆధారం. అమెరికాలో హార్పు సంఘం 1962లో ఏర్పడి జాతీయ సమావేశాలు జరుపుతోంది. ప్రపంచ హార్పు మహాసభ 1983లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మొదలై మూడేళ్లకోసారి దేశం మార్చుకుంటూ సాగుతోంది. కచేరీలు, పాఠాలు, పోటీలు, హార్పులు చేసేవాళ్ల దుకాణాలు, తీగల బేరాలు. అక్కడి పెడల్ హార్పుకు 47 తీగలు. వేలు తడబడకుండా షడ్జమం తీగలు ఎర్రవి, మధ్యమం తీగలు నల్లవి పెడతారు.

మనకు అలాంటి సభ లేదు. చోటు మాత్రం ఉంది. విజయపురిలో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో జరిగిన తవ్వకాల్లో ఒక మెట్ల రంగస్థలం బయటపడింది. మధ్యలో సుమారు 16 మీటర్ల పొడవు, 13 మీటర్లకు పైగా వెడల్పున్న ఆవరణ, నాలుగు వైపులా రాతి పలకలు పరిచిన అరుగులు. కుస్తీలకన్న వాళ్లున్నారు, నాట్యానికన్న వాళ్లున్నారు. జలాశయం నిండకముందే దాన్ని విప్పి కుడి గట్టున అనుపులో మళ్లీ పేర్చారు. చెన్నైలో యాళ్‌ను మళ్లీ చెక్కుతున్న కుర్రవాళ్లు, మండ్లా పర్ధానులు, బర్మా సౌంగ్ వాద్యకారులు ఆ అరుగుల మధ్య ఒక్క రోజు కూర్చోవచ్చు. బిన్‌బాజా వాళ్లు బస్సులో ఒడిలో పెట్టుకుని వచ్చేస్తారు. 47 తీగల దాన్ని తెచ్చేవాళ్లు మాత్రం హైదరాబాద్‌లోనే డీసీఎం వ్యాన్ మాట్లాడుకుని, పెద్దవూర మీదుగా అనుపు దాకా పరుపులు వేసి తెచ్చుకోవాలి.