కెర్నెల్‌ను మార్చుకొను వీలు: లినక్స్ డిస్ట్రిబ్యూషన్ల కథ

గింజకు పప్పు ఎట్టిదో, కంప్యూటరును నడిపించు ఆపరేటింగ్ సిస్టమ్‌నకు కెర్నెల్ అట్టిది. ప్రాసెసరును, మెమరీని, డిస్కును ప్రోగ్రాములకు పంచి ఇచ్చునది అదియే. క్రొత్త పరికరమును గుర్తింపవలెనన్నను, లోపమును సవరింపవలెనన్నను, తరచు కెర్నెల్‌నే మార్చవలసి వచ్చును. అయితే క్రొత్త కెర్నెల్‌లో పొరపాటున్నచో కంప్యూటరు ప్రారంభమే కాకపోవచ్చును. ఈ చిక్కును లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు ఎట్లు దాటినవో పరిశీలింతము.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను వ్రాసి, సోర్సు కోడుతో సహా అందరకు అందజేసెను. కాని పప్పు ఒక్కటే గింజ కాదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళికలోని కంపైలరు మొదలగు ఉపకరణములను దానికి జోడింపవలసి వచ్చెను. ఇట్లు కూర్చిన సంపుటములకే డిస్ట్రిబ్యూషన్లని పేరు. కెర్నెల్ ఒకరి చేతను, సంపుటము వేరొకరి చేతను తయారగుటవలన, ఒకదానిని నిలిపి రెండవదానిని మార్చు వీలు మొదటినుండియు కలదు.

1993లో పుట్టిన రెండు డిస్ట్రిబ్యూషన్లు ఈ వీలును రెండు విధముల కాపాడినవి. పాట్రిక్ వోల్కర్డింగ్ రూపొందించిన స్లాక్‌వేర్, మూల కెర్నెల్‌ను ఇంచుమించు మార్పు లేకయే వాడెను. కావున స్వయముగా కంపైలు చేసిన కెర్నెల్ అందులో సులభముగా ఇమిడెడిది. ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌లో ప్రతి ప్రోగ్రామును ఒక ప్యాకేజీ. మనోజ్ శ్రీవాస్తవ వ్రాసిన ఉపకరణముతో, సొంతముగా తయారుచేసిన కెర్నెల్‌ను గూడ ప్యాకేజీగా కట్టి, లెక్క తప్పక చేర్చుటకును తొలగించుటకును వీలు కలిగెను.

ఆ కాలమున కెర్నెల్‌ను మెమరీలోనికి తెచ్చు పని లిలో అను ప్రోగ్రాముది. కెర్నెల్ డిస్కుపై ఏ భాగములలో నున్నదో అది ముందుగా వ్రాసి పెట్టుకొనెడిది. క్రొత్త కెర్నెల్‌ను చేర్చి, లిలోను మరల నడుపుట మరచినచో యంత్రము మొరాయించెడిది. తరువాత వ్యాపించిన గ్రబ్, ఫైలును పేరుతోనే వెదకి తెచ్చుటచే ఈ బాధ తగ్గెను.

2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ వెలువడినప్పుడు మరియొక పాఠము తెలిసెను. అవసరమైనప్పుడు మాత్రమే కెర్నెల్‌లో చేర్చు భాగములను మాడ్యూళ్ళందురు. పాత ఉపకరణములు 2.6 మాడ్యూళ్ళను చేర్చలేకపోయెను. అనగా కెర్నెల్‌ను మార్చిన చాలదు. దాని చుట్టునున్న ఉపకరణములును సిద్ధముగా నుండవలెను.

కనుక డిస్ట్రిబ్యూషన్‌ను ఎన్నుకొనువారు పేరు ప్రతిష్ఠలను గాక మూడు విషయములను చూడవలెను: అందలి కెర్నెల్ మూలమునకు ఎంత దగ్గరగా నున్నది? సొంత కెర్నెల్ ప్యాకేజీల లెక్కలో చేరునా? పాత కెర్నెల్ క్రొత్తదాని ప్రక్కనే నిలిచి, ప్రారంభ జాబితాలో కనిపించునా? వీనిలో మూడవది అన్నిటికంటె ముఖ్యము. వెనుకకు మరలు దారి ఉన్నవాడే నిర్భయముగా ప్రయోగము చేయగలడు.