చంద్రకాంతమణి

చంద్రకాంతమణి ఫెల్డ్‌స్పార్ ఖనిజ కుటుంబమునకు జెందిన రత్నము. కెంపునకు ఎరుపును, పచ్చకు హరితచ్ఛాయయు, ఇంద్రనీలమునకు నీలిమయు విలువను గూర్చుచుండగా, తనదని చెప్పుకొనదగిన వర్ణము దాదాపు లేని యీ శిల కేవలము తనలో సంచరించు కాంతిచేతనే రత్నపదవి నందినది. దీనిని వ్రేళ్లనడుమ బట్టి మెల్లగా త్రిప్పినచో, పైమెరుగునుండిగాక లోపలి పొరలనుండి పుట్టిన తెల్లని లేక నీలపు వెలుగొకటి ఒక కొననుండి మరియొక కొనకు జరుగుచు గనబడును. సాధారణముగా మీద గుబ్బగను, అడుగున చదునుగను సానదీర్చు ఈ మణిని పలకలుగా జెక్కి ధరించు నాచారమును గలదు. మణి స్వచ్ఛతకును, సానపట్టువాని నేర్పునకును అంతకుమించిన పరీక్ష లేదు.

భారతీయ వాఙ్మయమున దీని పేరు ప్రాచీనమైనది. క్రీ.శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో రత్నముల నెన్నుచు శశికాంతమును వానిలో జేర్చెను. అలకాపురి సౌధములందు వ్రేలాడు చంద్రకాంతములు నడిరేయి చంద్రకిరణములు సోకి జలబిందువులను స్రవించి స్త్రీల బడలికను దీర్చునని కాళిదాసు మేఘసందేశమున వర్ణించెను. సుశ్రుతసంహిత యింకొక యడుగు ముందునకు వేసి, చంద్రకాంతమునుండి పుట్టిన జలము శీతలమనియు, పిత్తమును జ్వరదాహములను శమింపజేయుననియు వైద్యగుణములనే చెప్పినది. సూర్యరశ్మి సోకి నిప్పుగ్రక్కు సూర్యకాంతమునకు ప్రతిగా వెన్నెల సోకి నీరుగారు చంద్రకాంతము కవిసమయమై నిలిచి, మన ప్రబంధకవుల పురవర్ణనలలో వేదికలుగను, సోపానములుగను, కేళీసరస్సుల యొడ్డులుగను పెక్కు రూపములు దాల్చెను. గనులలో దొరకు చంద్రకాంతము ఏ పున్నమినాడును ద్రవింపదు గనుక, కవుల మణికిని ఖనిజశాస్త్రపు మణికిని అభేదము సిద్ధించినదని చెప్పరాదు. అయినను చల్లదనము, శుభ్రత, నిశాకాంతి అను మూడు భావనలను ఈ రాతికి శాశ్వతముగా ముడివెట్టినది ఆ కవితాసంప్రదాయమే.

పాశ్చాత్యులలో క్రీ.శ. 1వ శతాబ్దివాడగు రోమక పండితుడు ప్లినీ తన ప్రకృతి చరిత్ర 37వ భాగమున ఆస్ట్రియన్ అను శిలను బేర్కొని, అది భారతదేశమున లభించుననియు, దాని నడుమ నిండుచంద్రుని కాంతితో నక్షత్రమువంటి వెలుగు గలదనియు వ్రాసెను. అది నేటి చంద్రకాంతమే యని తలచినవారు గలరు. 18వ శతాబ్ది చివరిభాగమున స్విట్జర్లాండులోని ఆల్ప్స్ పర్వతములందు, సెయింట్ గొథార్డ్ ప్రాంతమున దొరికిన ఫెల్డ్‌స్పార్ స్ఫటికములకు సమీపమందలి అడ్యులా పర్వతముల పేరుమీదుగా అడ్యులేరియా అను నామము గలిగెను. ఈ మణిలోని చలత్కాంతిని నేటికిని రత్నశాస్త్రజ్ఞులు అడ్యులరెసెన్స్ అనియే వ్యవహరింతురు.

ఆ కాంతికి మూలము శిల పుట్టుకలోనే యున్నది. భూగర్భపు టుష్ణమున పొటాషియము, సోడియము రెండును ఒకే స్ఫటికమున కలసిమెలసి యుండును. యుగయుగములపాటు శిల మెల్లగా చల్లారునపుడు అవి యొకదానితో నొకటి యిమిడి యుండజాలక, పొటాషియము గల ఆర్థోక్లేజు, సోడియము గల ఆల్బైటు అను మిక్కిలి పలుచని పొరలై విడివడును. ఆ పొరల సరిహద్దులయందు కాంతి చెదరుటచే మెరుపు పుట్టును. పొరలు మిక్కిలి పలుచనివైనచో నీలచ్ఛాయయు, మందమైనచో తెల్లని వెలుగును గలుగును. చంద్రకాంతమున నీలి మెరుపునకే ఎక్కువ వెల పలుకుటకు వెనుకనున్న భౌతికకారణ మిదియే. ఈ విషయమును శోధించినవారిలో సర్ సి.వి. రామన్ ముఖ్యుడు. వజ్రములు, ముత్యములు, లాబ్రడొరైటు మొదలగువాని కాంతిరహస్యములను అన్వేషించిన ఆ మహనీయుడు తన సహచరులతో గూడ 1950లో సింహళపు చంద్రకాంతముల నిర్మాణమును గూర్చియు, కాంతిధర్మములను గూర్చియు భారత విజ్ఞాన అకాడమీ పత్రికలో వ్యాసమును బ్రకటించెను. శతాబ్దములుగా కవులు వెన్నెలకు ముడివెట్టిన రాతిని, సముద్రపు నీలిమను విడమరచిన భౌతికశాస్త్రవేత్తయే చేతబట్టుట మన విజ్ఞానచరిత్రలో మనోహరమైన ఘట్టము.

లభించు తావులలో సింహళమే అగ్రగణ్యము. ఆ ద్వీపపు నైరుతి తీరమున అంబలంగొడకు సమీపమునగల మీటియగొడ గ్రామమందు, శిథిలమై పింగాణి మన్నుగా మారిన పెగ్మటైటు శిలలలో గోతులు త్రవ్వి, నీటిని తోడిపోయుచు ఈ మణులను వెలికిదీయుదురు. ప్రసిద్ధములగు నీలికాంతి మణులు అచ్చటివే. అనురాధపురపు ఆలయద్వారముల ముందు అర్ధచంద్రాకృతిని జెక్కిన మెట్టురాళ్లకును ఆంగ్లమున ఇదే పేరు గలదుగాని, వానికిని ఈ మణికిని సంబంధము లేదు. మనదేశమున తమిళనాటి కాంగేయము పరిసరములు పేర్గాంచినవి. బూడిద, గోధుమ, నారింజ వన్నెల మణులును, నడుమ పిల్లికంటి గీత గలవియు భారతదేశమున లభించును. నెల్లూరునకు సమీపమున గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులలో విరివిగా నుండు ఫెల్డ్‌స్పార్ ఈ కుటుంబమునకు జెందినదేయైనను అది పింగాణి పరిశ్రమకు ముడిసరకుగా పోవునదేగాని మణి కాదు.

ఇక సానపట్టు విషయము. చంద్రకాంతము కాఠిన్యమున మోస్ మానముపై 6 నుండి 6.5 వరకే యుండును. వక్రీభవన గుణకము సుమారు 1.52. వజ్రమునకు 2.42 ఉండగా దీనికింత తక్కువగుటచే, ఎన్ని పలకలు దీర్చినను వజ్రమువలె నిప్పులు చెరగదు. పైగా పరస్పరము దాదాపు లంబముగ నుండు రెండు దిశలలో ఇది సులభముగ చీలిపోవును. అందుచేత ప్రాచీనకాలమునుండియు గుబ్బ రూపమే దీనికి తగినదని ఎంచబడినది. వంపుదేరిన ఉపరితలము లోపలి వెలుగునంతయు నొకచోటికి జేర్చి నడుమ నిలుపును. పలకలుగా జెక్కుటకు గాజునకుదీటగు స్వచ్ఛత గల రాయి గావలెను. సింహళమణులలో జెర్రి యాకృతినుండు సన్నని పగుళ్లు తరచుగా గాననగును. గుబ్బరాతిలో అవి సహజత్వమునకు సాక్ష్యములేగాని, పలకల రాతిలో చూపునకు కొట్టవచ్చినట్లుండి దోషములగును. సానపట్టువాడు మొదట దీపమునకెదురుగా రాతిని త్రిప్పి పొరల దిశను కనిపెట్టి, నడిమి పెద్దపలక ఆ పొరలకు సరిగా నెదురగునట్లు చెక్కనిచో వెలుగు ప్రక్కకు జారి మణి వట్టి గాజుముక్కయై పోవును. సరిగా కుదిరినపుడు మాత్రము నీలికాంతి ఒక పలకనుండి మరియొక పలకకు దుముకుచు, పారదర్శకతయు చలత్కాంతియు నొక్కచోట గూడిన అపురూప సౌందర్యము సిద్ధించును. పాలవన్నె రాయిని గుబ్బగను, నిర్మలమైన రాయిని పలకలుగను దీర్చుట యుచితము. మసక రాతిని పలకలు దీర్చుట దాని సహజశోభకు హాని చేయుటయే.

పాశ్చాత్య నగలలో దీనికి స్వర్ణయుగము 19వ శతాబ్ద్యంతము, 20వ శతాబ్ద్యారంభము. ఫ్రాన్సున రెనే లాలిక్, అమెరికాయందు లూయీ కంఫర్ట్ టిఫానీ మొదలగు శిల్పులు వెలకంటె వెలుగును మెచ్చి దీనిని వాడిరి. 1912లో అమెరికా నగల వర్తకులు కూర్చిన జన్మరత్నముల పట్టికయందు జూను మాసమునకు ముత్యముతోపాటు చంద్రకాంతమునకును చోటు దొరికెను. చంద్రమండల యాత్రలు బయలుదేరిన ఫ్లారిడా రాష్ట్రము 1970లో దీనిని తన రాష్ట్రరత్నముగా బ్రకటించెను. ఆ రాష్ట్రమున ఇది దొరకకపోయినను ఆ గౌరవము సముచితమే. విల్కీ కాలిన్స్ 1868లో వ్రాసిన ప్రసిద్ధనవలకు ఈ మణి పేరే యున్నను, అందలి రత్నము భారతదేశమునుండి అపహృతమైన పసుపుపచ్చని వజ్రము.

నేటి అంగళ్లలో ఇంద్రధనుస్సు చంద్రకాంతమను పేర పలువన్నెలు చిమ్ముచు విక్రయింపబడునది నిజమునకు లాబ్రడొరైటు. అదియు ఫెల్డ్‌స్పారేయైనను వేరొక శాఖకు జెందినది. పాలగాజును చంద్రకాంతమని యమ్ముటయు గలదు. దానియందు వెలుగు రాయంతటను సమముగ పరచుకొని యుండునేగాని, త్రిప్పినపుడు స్థానము మారి సంచరింపదు. ఇంటిదుమ్ములోని యిసుకరేణువుల కాఠిన్యము 7 గనుక, ఉంగరమున బొదిగిన పలకల మణి అంచులు కాలక్రమమున అరిగిపోవును. చెవికమ్మలకును పతకములకును ఇది మేలు. మరుగునీటను, ఆకస్మికమగు వేడిమిని దీనికి తగులనీయక, గోరువెచ్చని సబ్బునీట మెత్తని గుడ్డతో తుడుచుట చాలును. అరిగిన పలకలను మరల సానబట్టవచ్చును. పొరల దిశ నెరుగనివాని చేతబడినచో మాత్రము మణి కొంతబరువును గోల్పోవుటయేగాక, పలక వంపు మారి లోపలి వెలుగు కంటికి గానరాకుండ పోవచ్చును.