ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు

ఇంటర్న్‌షిప్ క్రెడిట్లు అంటే విద్యార్థి ఏదైనా సంస్థలో నిర్ణీత కాలం చేసిన పనిని డిగ్రీ చదువులో భాగంగా గుర్తించి విశ్వవిద్యాలయం ఇచ్చే క్రెడిట్లు. ఇవి పట్టా పొందడానికి కావలసిన మొత్తం క్రెడిట్లలో కలుస్తాయి.

చదువునూ ఉద్యోగానుభవాన్నీ జోడించే పద్ధతికి అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో హెర్మన్ ష్నైడర్ ఆద్యుడు. తొలి జట్టులో 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. వారు వంతులవారీగా కొంతకాలం తరగతిలో, కొంతకాలం కర్మాగారంలో గడిపేవారు.

భారతదేశంలో దీనికి ప్రసిద్ధ ఉదాహరణ పిలానీలోని బిట్స్ విద్యాసంస్థలో 1973లో మొదలైన ‘ప్రాక్టీస్ స్కూల్’. ఇది రెండంచెలు: రెండో ఏడాది తర్వాతి వేసవిలో దాదాపు రెండు నెలలకు 5 యూనిట్లు (అక్కడ క్రెడిట్లకు వాడే పేరు), చివరి ఏడాదిలో ఐదున్నర నెలలకు 20 యూనిట్లు. పని ఇచ్చిన సంస్థ ఆవరణలోనే విద్యార్థి పనిని అధ్యాపకులు పర్యవేక్షించి గ్రేడు ఇవ్వడం దీని ప్రత్యేకత. కేవలం హాజరు పత్రంతో క్రెడిట్లు రావు. నివేదికలు, సెమినార్లు, బృంద చర్చలు మూల్యాంకనంలో ఉంటాయి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ప్రకటించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక ఇంటర్న్‌షిప్‌కు ప్రత్యేకంగా క్రెడిట్లు కేటాయించింది. దాని ప్రకారం 15 వారాల సెమిస్టరులో వారానికి రెండు గంటల పని, అంటే 30 గంటలు, ఒక క్రెడిట్‌తో సమానం. ఆర్జించిన క్రెడిట్లను 2021లో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమచేసుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరం నుంచి సాధారణ డిగ్రీ కోర్సుల్లో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. తొలి వేసవిలో చేసే సామాజిక సేవా ప్రాజెక్టు కూడా ఇందులో భాగమే.