ఉద్దానం తీరం: తుపాను, వరదనీరు, సముద్రజీవనం

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరాన్ని దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులకు కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలోని కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకూలాయి. వెనువెంటనే వంశధారకు వరద వచ్చింది. ఉద్దానం చరిత్రలో ఈ తుపాను ప్రధానంగా తోటల విధ్వంసంగానే నిలిచిపోయింది. అయితే తుపాను ప్రభావం నేలతో ముగియదు. నదీముఖాలలోనూ, తీరసముద్రంలోనూ అది కొనసాగుతుంది.

బాహుదా ఇచ్ఛాపురం ప్రాంతం మీదుగా ప్రవహించి, మహేంద్రతనయ బారువ వద్ద, వంశధార కళింగపట్నం వద్ద సముద్రాన్ని చేరతాయి. మహేంద్రగిరికీ కడలికీ మధ్య దూరం తక్కువ కనుక మహేంద్రతనయలో వాననీరు త్వరగా దిగువకు వస్తుంది. వరద ఒండ్రును, పోషకాలను మోసుకొస్తుంది. తేలికైన మంచినీరు ఉప్పునీటిపై పొరగా పరుచుకొంటుంది. తొలుత బురద వెలుతురును అడ్డుకొంటుంది. నీరు తేటపడిన తరువాత ఆ పోషకాలతోనే వృక్షప్లవకాలు పెరిగి చిన్న చేపలకు, రొయ్యపిల్లలకు ఆధారమవుతాయి. కుళ్లే సేంద్రియ పదార్థం మితిమీరితే అడుగునీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. కాబట్టి వరద వరమా, శాపమా అన్నది దాని పరిమాణం, వ్యవధి, కాలాలపై ఆధారపడి ఉంటుంది.

ఈ మార్పులకు స్థానిక నదులు మాత్రమే కారణం కావు. నైరుతి రుతుపవనాల అనంతరం గంగా, బ్రహ్మపుత్ర, మహానదుల నీటితో ఉప్పదనం తగ్గిన జలాలు తీరప్రవాహంతో దక్షిణానికి సాగుతాయి. అందువల్ల అక్టోబర్, నవంబర్ నెలలలో కవిటి తీరపు సముద్రస్థితిని అర్థం చేసుకోవడానికి శ్రీకాకుళం జిల్లా వర్షపాతం ఒక్కటే చాలదు.

నదికీ సముద్రానికీ మధ్య నిలిచే మాగాణి చరిత్ర కూడా ఇందులో భాగమే. సోంపేట బీల వాననీటిని నిలుపుకొని నెమ్మదిగా వదిలే చిత్తడి నేల. అక్కడ ప్రతిపాదించిన థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించారు. 2010 జులై 14న జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. ఈ ఉద్యమాన్ని భూపోరాటంగా మాత్రమే చదివితే దాని జలసంబంధ పార్శ్వం మరుగున పడుతుంది. బీల పూడిపోతే వరద వేగంగా కడలిని చేరుతుంది. సాగుకు, చేపలవేటకు ఉపయోగపడే నీటి నిల్వ తరుగుతుంది.

ఉద్దానం పర్యావరణ చరిత్రను రాసేటప్పుడు కూలిన చెట్ల లెక్కలతో పాటు వర్షపాతం, నదీప్రవాహం, చేపల దిగుబడి వివరాలను, మత్స్యకారుల మౌఖిక కథనాలను కలిపి పరిశీలించాలి. అప్పుడే తోట, బీల, నదీముఖం, సముద్రం ఒకే జీవనవ్యవస్థలోని భాగాలుగా చరిత్రకు అందుతాయి.