గ్రామసభ: నెల్లూరు పశ్చిమ మెట్టలో దాని చరిత్ర

గ్రామసభ అంటే ఒక పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్లందరి సభ. సర్పంచి, వార్డు సభ్యులు కూర్చుని తీర్మానాలు చేసే పంచాయతీ సమావేశం వేరు. గ్రామసభలో ఊరివాళ్లు ఎవరైనా లేచి మంచినీళ్ల పైపు సంగతి, మురుగు కాలువ సంగతి, పింఛను సంగతి అడగవచ్చు. పంచాయతీ లెక్కలు చదివి వినిపించమని కూడా అడగవచ్చు.

నెల్లూరు జిల్లా పడమటి మండలాలైన ఆత్మకూరు, అనుమసముద్రంపేట, మర్రిపాడు, ఉదయగిరి, వింజమూరు, కలిగిరి చాలావరకు మెట్ట ప్రాంతం. పంట వానమీద, చెరువుమీద, బోరుమీద ఆధారపడుతుంది. ఉదయగిరి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ పాతకాలపు బాధ. అందుకే ఇక్కడ ఏ సభ జరిగినా నీళ్ల మాట రాక మానదు. అనుమసముద్రంపేటలో ఖాజా రహ్మతుల్లా నాయబ్ రసూల్ దర్గా ఉంది. గంధ మహోత్సవానికి అనేక ప్రాంతాల నుంచి జనం వస్తారు. పంచాయతీకి పన్ను కట్టేది ఊరివాళ్లు. నీళ్లు, పారిశుధ్యం మాత్రం యాత్రికులందరికీ అందించాలి.

చట్టానికి ముందు

1882లో వైస్రాయి రిపన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం, 1920లో గ్రామ పంచాయతీల చట్టం వచ్చాయి. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. బోర్డులు రోడ్లు, బడులు, ఆసుపత్రులు చూసేవి గానీ వాటిలో ఓటు ఆస్తిపన్ను కట్టే కొద్దిమందిదే. కౌలుదారుకీ కూలికీ ఆ గడప అందలేదు. ఊళ్లో అసలు అధికారం కరణం దస్త్రంలో, మునసబు మాటలో ఉండేది. రచ్చబండ దగ్గర పంచాయతీ పెద్దలదే. ఆడవాళ్లకు, దళితులకు అక్కడ మాట చెల్లేది కాదు. గ్రామ స్వరాజ్యం పాతరోజుల్లోనే ఉండేదని చెప్పే రాతలు ఈ సంగతి దాటేయడం అన్యాయం.

1950 మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం, బల్వంతరాయ్ మెహతా సంఘం సిఫారసుల తర్వాత 1959లో వచ్చిన పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు ఒకే చట్టంగా 1964లో చేసిన గ్రామ పంచాయతీల చట్టం: వరస ఇది. ఇవన్నీ వచ్చినా ఊరంతా కూర్చోవడం ఆనవాయితీ కాలేదు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసు ఊరికి దగ్గరైంది.

దూబగుంట

ఈ ప్రాంతంలో జనం గొంతు ప్రభుత్వాన్ని కదిలించిన పెద్ద ఘట్టం చట్టం చెప్పిన సభలో జరగలేదు, రాత్రిబడిలో మొదలైంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం సాగింది. కలిగిరి మండలం దూబగుంటలో కూలి పని ముగించుకుని పలక పట్టిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివారు. అది ఊరి సారాకొట్టు మీద ఆడవాళ్లు తిరగబడిన కథ. చదివి ఊరుకోలేదు, తమ ఊరి లెక్క తాము వేసుకున్నారు. మగవాళ్ల కూలి ఎంత, సారాకు పోయేదెంత, ఇంటికి వచ్చేదెంత. ఆపైన కలిసి వెళ్లి సారాకొట్టు మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మను దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా ఎరుగును.

దూబగుంట విజయం మళ్లీ వాచకంలో పాఠమైంది, పక్క ఊళ్లకు పాకింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా వేల మంది ఆడవాళ్లు ఆఫీసుల ముందు బైఠాయించారు. పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. సారా ఆబ్కారీ రాబడికి పెద్ద ఊత కాబట్టి ప్రభుత్వం తేలిగ్గా దిగిరాలేదు. అయినా 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. మద్యం తిరిగి వచ్చిందని ఈ ఉద్యమాన్ని ఓటమిగా రాయడం సరికాదు. అక్షరం నేర్చిన కూలి ఆడది అధికారిని నిలదీయగలదని మెట్ట పల్లెలకు తెలిసింది అప్పుడే.

1994 చట్టం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. 243ఏ అధికరణం గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. దాన్ని అనుసరించి చేసిన 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షను ప్రకారం సభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. గడిచిన ఏడాది లెక్కలు, ఆడిట్ నివేదిక, చేపట్టబోయే పనులు, కొత్త పన్నులు, పథకాల లబ్ధిదారుల ఎంపిక దాని ముందుకు రావాలి. సభ ఇచ్చిన సూచనలను పంచాయతీ పరిశీలించాలి. పరిశీలించాలని ఉంది గానీ పాటించి తీరాలని లేదు. సోమశిల జలాశయం నీళ్లు మెట్టకు ఎత్తే కాలువ కావాలని ఊరు తీర్మానం చేస్తే దాన్ని పైకి పంపడమే పంచాయతీ చేయగలిగింది. నిధులు, భూసేకరణ, కాంట్రాక్టు అన్నీ రాష్ట్రం చేతిలోనివి. వీధిదీపం, చెత్త, చేతిపంపు లాంటివి మాత్రం సభలో అడిగితే అక్కడికక్కడ తేలే పనులు.

1997 జనవరిలో మొదలైన జన్మభూమి కార్యక్రమంలో అధికారులే ఊళ్లకు వచ్చి సభలు పెట్టి అర్జీలు తీసుకున్నారు. ఆ మీదట రచ్చబండ, 2019లో స్పందన అనే ప్రభుత్వ కార్యక్రమాలు వచ్చాయి. వీటిలో జనం అర్జీదారులు, ఇచ్చేవాడు అధికారి. లెక్క అడిగే హక్కు వేరే దారిలో వచ్చింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమై, రెండో విడతలో 2007లో నెల్లూరు జిల్లాకు చేరింది. దానితోపాటు సామాజిక తనిఖీ వచ్చింది. మస్టర్లలో, అంటే హాజరు పట్టీల్లో ఉన్న పేర్లు, కూలి మొత్తాలు గ్రామసభలో బయటికి చదువుతారు. పనికి పోనివాడి పేరు వినబడితే పక్కన కూర్చున్నవాళ్లు వెంటనే చెబుతారు. తేలిన విషయాలు మండల స్థాయి ప్రజావేదికకు వెళతాయి. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్లు అక్కడ జనం ఎదుట జవాబు చెప్పుకోవాలి. నా దృష్టిలో గ్రామసభకు నిజమైన పదును పెట్టింది ఇదే.

పట్టణంలో పరిస్థితి

ఆత్మకూరు మున్సిపాలిటీ. అక్కడ గ్రామసభ లేదు. 74వ సవరణ వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాలకే. ఆత్మకూరు ఆ లెక్కకు చాలా దూరం. కౌన్సిల్ సమావేశంలో వీధి సమస్య ఎత్తవలసింది కౌన్సిలరు. ఆయన ఎత్తకపోతే కమిషనరుకు అర్జీ పెట్టుకోవాలి. పక్కనున్న అనుమసముద్రంపేట పంచాయతీ ఓటరుకు ఉన్న వేదిక పట్టణవాసికి లేకపోవడం పెద్ద లోటు.

మళ్లీ పల్లెల సంగతికి వస్తే, 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. పంచాయతీరాజ్ శాఖ చూస్తున్న ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రైల్వేకోడూరు దగ్గరి మైసూరివారిపల్లె సభకు వెళ్లారు. సిమెంటు రోడ్లు, కాలువలు, పశువుల షెడ్లు, నీటి కుంటలు వంటి ఉపాధి హామీ పనులకు ఆ రోజు ఆమోదం తీసుకున్నారు. అక్టోబరు 14 నుంచి 20 దాకా ‘పల్లె పండుగ’ పేరుతో వాటికి శంకుస్థాపనలు చేశారు.